బాస్కెట్‌బాల్ తప్ప మరేమీ లేని క్లబ్బు

టర్కీ బాస్కెట్‌బాల్ గురించి మాట మొదలైతే చాలామంది నోట ముందుగా వచ్చే పేర్లు ఫెనర్‌బాచె, గలతసరాయ్, బెషిక్తాష్. మూడూ ఇస్తాంబుల్ క్లబ్బులే, మూడూ నూరేళ్లు దాటినవే. ఫుట్‌బాల్ పుణ్యమా అని వాటికి తరతరాలుగా వస్తున్న అభిమాన జనం ఉంది. తండ్రి ఏ రంగు కండువా కప్పుకుంటే కొడుకూ అదే కప్పుకుంటాడు. ఆ క్లబ్బులు బాస్కెట్‌బాల్ జట్టును బరిలోకి దింపితే, ఫుట్‌బాల్ మైదానంలోని జనసముద్రం నుంచి ఒక పాయ వచ్చి హాలును నింపుతుంది. నేను ఏళ్ల తరబడి అనుసరిస్తున్న అనడోలు ఎఫెస్‌కు ఆ వసతి లేదు. దానికి ఫుట్‌బాల్ జట్టు లేదు, వారసత్వంగా వచ్చిన జనం లేదు, పేరు వినగానే ఊగిపోయే పేట అంటూ ఒకటి లేదు. ఉన్నదల్లా బాస్కెట్‌బాల్ ఒక్కటే. అయినా 1966లో మొదలైన టర్కీ జాతీయ లీగులో ఎక్కువసార్లు విజేతగా నిలిచింది ఈ క్లబ్బే, యూరప్ నుంచి టర్కీకి మొదటి కప్పును తెచ్చిందీ ఈ క్లబ్బే. ఆ రెండు విషయాల మధ్య ఉన్న సంబంధమే నన్ను ఈ జట్టు వైపు లాగింది.

క్లబ్బు పుట్టింది 1976లో. బీరు తయారీలో పేరున్న అనడోలు గ్రూపు, కాడికోయ్‌స్పోర్ అనే చిన్న క్లబ్బును తీసుకుని దానికి తన బీరు పేరే పెట్టి ఎఫెస్ పిల్సెన్‌గా మార్చింది. ఎఫెస్ అంటే ప్రాచీన ఎఫెసస్ నగరానికి టర్కీ భాషలో ఉన్న పేరు. ఆ నగర శిథిలాలు ఇజ్మీర్ రాష్ట్రంలోని సెల్చుక్ పట్టణం పక్కన నేటికీ ఉన్నాయి. ఇక కాడికోయ్ అంటారా, అది ఇస్తాంబుల్‌లో ఆసియా వైపు ఉన్న పేట, ఫెనర్‌బాచెకు పుట్టినిల్లు లాంటిది. తరువాతి కాలంలో తనకు అతి పెద్ద ప్రత్యర్థి కాబోయే క్లబ్బు ముంగిట్లోనే ఎఫెస్ వేరు మొలిచిందన్న సంగతి నాకు మొదటిసారి తెలిసినప్పుడు చాలా సేపు దాని గురించే ఆలోచించాను. రెండేళ్లు తిరిగేసరికి, 1978లో, జట్టు పై శ్రేణి లీగులోకి వచ్చింది; అక్కడ ఆడిన మొట్టమొదటి సీజనులోనే, 1979లో, లీగు విజేత అయింది.

ఆ రోజుల టర్కీ బాస్కెట్‌బాల్‌ను అర్థం చేసుకోవాలంటే కంపెనీ జట్ల సంగతి తెలియాలి. మందుల కంపెనీ ఎజ్జాజిబాషి, కార్ల కంపెనీ తోఫాష్, తరువాత బిస్కెట్ల కంపెనీ ఉల్కెర్ సొంతంగా జట్లు నడిపాయి, మంచి జీతాలిచ్చాయి, శిక్షణ పద్ధతిగా ఇప్పించాయి. ఎజ్జాజిబాషి ఎనిమిదిసార్లు లీగు గెలిచింది. అయితే కంపెనీ జట్టుకు ఒక పెద్ద బలహీనత ఉంది: యజమానికి ఆసక్తి తగ్గిన రోజున దాన్ని నిలబెట్టమని వీధిలోకి వచ్చే జనం ఉండరు. ఎజ్జాజిబాషి పురుషుల జట్టు అలాగే కనుమరుగైంది. తోఫాష్ 1999, 2000 సంవత్సరాల్లో వరుసగా లీగు గెలిచి, ఆ వెంటనే పై స్థాయి పోటీ నుంచి తప్పుకుంది. ఉల్కెర్ 2006లో విజేతగా నిలిచి, అదే ఏడాది ఫెనర్‌బాచెతో చేతులు కలిపి తన జట్టును అందులో కలిపేసింది. ఎఫెస్ మాత్రం నిలిచింది. అధ్యక్షుడు తున్జాయ్ ఓజిల్హాన్ దశాబ్దాల పాటు ఈ క్లబ్బును వదలకుండా పట్టుకోవడం దానికి ఒక కారణమైతే, పిల్లల స్థాయి నుంచి ఆటగాళ్లను తయారు చేసుకునే ఏర్పాటును ఎన్నడూ చిన్నచూపు చూడకపోవడం రెండో కారణమని నా అభిప్రాయం.

1983, 1984 సంవత్సరాల్లో మళ్లీ లీగు విజయాలు వచ్చాయి. కానీ ఎఫెస్ పేరు యూరప్ అంతటా వినిపించడం మొదలైంది తొంభైలలో, ఐదిన్ ఓర్స్ కోచ్‌గా ఉన్న కాలంలో. ఆయన డిఫెన్స్‌ను నమ్మిన మనిషి. ప్రత్యర్థిని తక్కువ పాయింట్లకు కట్టిపడేసి, ఆట వేగాన్ని తగ్గించి, చివరి ఐదు నిమిషాల దాకా స్కోరును దగ్గరగా ఉంచి, అక్కడి నుంచి ఓర్పుతో గెలవడం ఆయన పద్ధతి. ఆ పద్ధతికి తగిన పాయింట్ గార్డ్, అంటే బంతిని చేతిలో పెట్టుకుని ఆటను నడిపేవాడు, మాసిడోనియా నుంచి వచ్చాడు. అతని పేరు పేటర్ నౌమోస్కి. అప్పటికే స్ప్లిట్ నగరపు జట్టుతో 1990, 1991లలో యూరప్ విజేతల కప్పు అందుకున్నవాడు. బంతి అతని చేతిలో ఉన్నంతసేపూ జట్టంతా నిబ్బరంగా ఉండేదని ఆ కాలపు మ్యాచ్‌ల రికార్డింగులు చూస్తే ఇట్టే తెలుస్తుంది. 1993లో ఈ జట్టు యూరోపియన్ కప్ ఫైనల్‌కు చేరింది. ఇటలీలోని టూరిన్‌లో గ్రీకు జట్టు ఆరిస్‌తో ఆడి 48–50తో ఓడిపోయింది. ఒక్క బుట్ట తేడా. ఇరు జట్లూ కలిసి వంద పాయింట్లు కూడా దాటని ఆ ఫైనల్ చూడటానికి అందమైనదేమీ కాదు. కానీ రెండు పాయింట్ల దూరంలో జారిపోయిన కప్పు ఒక జట్టును ఎలా కుంగదీస్తుందో, ఎలా గట్టిపరుస్తుందో తరువాతి మూడేళ్లు చూపించాయి.

1996 మార్చి గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొరాచ్ కప్ అనేది 1969లో రోడ్డు ప్రమాదంలో మరణించిన యుగోస్లావియా ఆటగాడు రదివోయ్ కొరాచ్ పేరు మీద నడిచిన యూరప్ పోటీ. దాని ఫైనల్‌ను రెండు మ్యాచ్‌లుగా, ఒకటి ఒకరి హాలులో, రెండోది మరొకరి హాలులో ఆడి, రెండింటి పాయింట్లూ కలిపి విజేతను నిర్ణయించేవారు. ఎఫెస్‌కు ఎదురుపడింది ఇటలీ జట్టు స్తెఫానెల్ మిలానో. దాని కోచ్ బోగ్దాన్ తన్యెవిచ్. ఆటగాళ్లలో దేజన్ బోదిరోగా, నాందో జెంతిలె, గ్రెగర్ ఫుచ్కా, అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో పేరు తెచ్చుకున్న రొలాండో బ్లాక్‌మన్ ఉన్నారు. ఏ విధంగా చూసినా పెద్ద జట్టే. మొదటి మ్యాచ్ ఇస్తాంబుల్‌లోని అబ్ది ఇపెక్చి హాలులో జరిగింది. ఎఫెస్ 76–68తో గెలిచింది. చేతిలో ఎనిమిది పాయింట్ల ఆధిక్యం ఉంది. సొంత హాలులో మిలానోకు అది పెద్ద అంతరం కాదు.

మార్చి 13న మిలాన్‌లో రెండో మ్యాచ్. ఇలాంటి మ్యాచ్‌లో లెక్క విచిత్రంగా ఉంటుంది. ఏడు పాయింట్లతో ఓడినా కప్పు మనదే. ఎనిమిదితో ఓడితే ఇద్దరూ సమానం. తొమ్మిదితో ఓడితే అంతా పోయినట్టే. కాబట్టి ఆటగాడి కన్ను బోర్డు మీది స్కోరును చూస్తున్నా, మనసు మాత్రం దాని నుంచి ఎనిమిదిని తీసివేస్తూ కూర్చోవాలి. గెలవడానికి ఆడాలా, ఓటమిని అదుపులో ఉంచడానికి ఆడాలా అన్న సందేహం ఒక్క క్షణం తలెత్తినా కాళ్లు తడబడతాయి. ఎఫెస్ ఆ రాత్రి 70–77తో ఓడిపోయింది. మొత్తం మీద 146–145. ఓడిన జట్టు ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటుంటే గెలిచిన జట్టు తలవంచుకుని బయటకు నడిచింది. జట్టు క్రీడల్లో ఒక టర్కీ క్లబ్బు యూరప్ కప్పు గెలవడం అదే మొదటిసారి. గలతసరాయ్ ఫుట్‌బాల్ జట్టు యుయెఫా కప్పు గెలిచింది దీనికి నాలుగేళ్ల తరువాత, 2000లో. కోట్ల మంది ఫుట్‌బాల్‌నే ఊపిరిగా భావించే దేశానికి మొదటి యూరప్ విజయాన్ని ఫుట్‌బాల్‌తో ఏ సంబంధమూ లేని ఒక క్లబ్బు తెచ్చిపెట్టిందంటే ఆ ఒక్క పాయింటు విలువ ఎంతో ఊహించుకోవచ్చు. అదే సీజనులో ఎఫెస్ లీగునూ టర్కీ కప్పునూ కూడా గెలుచుకుంది.

ఆ విజయం ఫలం ట్రోఫీల గదిలోనే ఆగిపోలేదు. నాటి జట్టులో ఉఫుక్ సరిజా, తమెర్ ఓయ్‌గుచ్, వోల్కన్ ఐదిన్ లాంటి అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకున్న యువకుడు మిర్సాద్ తుర్క్‌జాన్ 1998 డ్రాఫ్టులో (ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికై, ఎన్‌బీఏలో ఆడిన మొదటి టర్కీ ఆటగాడయ్యాడు. ఎఫెస్ పిల్లల జట్టులో పెరిగిన హిదాయెత్ తుర్కోలును 2000 డ్రాఫ్టులో శాక్రమెంటో కింగ్స్ 16వ స్థానంలో తీసుకుంది. ఆయనే తరువాత టర్కీ బాస్కెట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. మెహ్మెత్ ఒకుర్ కూడా ఎఫెస్ నుంచే వెళ్లి 2004లో డెట్రాయిట్ పిస్టన్స్‌తో ఎన్‌బీఏ విజేతగా నిలిచాడు. ఈ ముగ్గురూ 2001 యూరోబాస్కెట్‌లో, అంటే యూరప్ జాతీయ జట్ల పోటీలో, టర్కీకి ఆడారు. సొంత గడ్డ మీద జరిగిన ఆ పోటీలో టర్కీ ఫైనల్ దాకా వెళ్లి, యుగోస్లావియా చేతిలో ఓడి వెండి పతకం అందుకుంది. ఆ జాతీయ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? ఐదిన్ ఓర్సే. ఒక క్లబ్బు అలవరచిన క్రమశిక్షణ దేశపు జట్టుకు ఎలా ఎక్కిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. జెదీ ఒస్మాన్, ఫుర్కాన్ కోర్క్‌మాజ్ ఇంకో తరంలో అదే దారిన అమెరికా వెళ్లారు.

2000లో థెస్సలొనీకిలోను, 2001లో పారిస్‌లోను ఎఫెస్ యూరప్ పెద్ద క్లబ్బుల పోటీలో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) చేరి రెండుసార్లూ మూడో స్థానం పొందింది. రెండుసార్లూ సెమీఫైనల్‌లో దాన్ని ఆపింది గ్రీకు జట్టు పనథినైకోసే. ఆ తరువాత ఒక్తాయ్ మహ్ముతి శిక్షణలో 2002 నుంచి 2005 వరకు వరుసగా నాలుగుసార్లు లీగు గెలిచింది. 2009లో మరొకటి వచ్చింది. ఆ పైన పదేళ్ల ఎడారి.

ఆ పదేళ్ల మొదట్లోనే పేరు కూడా పోయింది. మద్యం బ్రాండ్ల పేర్లను క్రీడా క్లబ్బులు వాడరాదని 2011లో నియమం రావడంతో ఎఫెస్ పిల్సెన్ కాస్తా అనడోలు ఎఫెస్ అయింది. అనడోలు అంటే అనటోలియా. ముప్ఫై అయిదేళ్లు మోసిన పేరును ఒక్క కాగితంతో మార్చుకోవాల్సి రావడం ఏ క్లబ్బుకైనా కష్టమే, కానీ నీలం తెలుపు రంగులు మిగిలాయి, అభిమానుల నోట ‘ఎఫెస్’ అన్న రెండో మాటా మిగిలింది. కోచ్‌లు మారారు. యూరప్ గౌరవించే దుషాన్ ఇవ్కోవిచ్ అంతటివాడు వచ్చి 2015లో టర్కీ కప్పు గెలిపించినా లీగు మాత్రం దక్కలేదు. ఈలోగా ఫెనర్‌బాచె 2017లో ఇస్తాంబుల్‌లోనే ఒలింపియాకోస్‌ను ఓడించి, యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ యూరోలీగ్ గెలిచిన మొదటి టర్కీ క్లబ్బుగా చరిత్రకెక్కింది. ఆ గౌరవం ఎఫెస్‌కు దక్కాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది, అయితే ఆ ఏడాది ఫెనర్‌బాచె ఆడిన ఆటను చూసినవారెవరూ దాన్ని కాదనలేరు.

2017–18 సీజనులో ఎఫెస్ యూరోలీగ్‌లో ముప్ఫై మ్యాచ్‌లు ఆడి ఏడు గెలిచింది, ఇరవై మూడు ఓడింది. పదహారు జట్లలో పదహారో స్థానం. ఆ సీజను మధ్యలో, 2017 డిసెంబరులో, పాత కోచ్ ఎర్గిన్ అతమాన్ తిరిగి వచ్చాడు. అతమాన్‌ది ఓర్స్ స్వభావానికి పూర్తిగా భిన్నమైన స్వభావం. మాటలో దూకుడు, నమ్మకంలో దూకుడు, ఆటలోనూ దూకుడే. అతను జట్టును కూర్చిన తీరు చూడండి: 2018 వేసవిలో బోస్టన్ సెల్టిక్స్ నుంచి షేన్ లార్కిన్‌ను, లిథువేనియాలోని జల్గిరిస్ నుంచి సెర్బియా యువకుడు వాసిలియే మిత్సిచ్‌ను, వారితోపాటు పొడగరి జర్మన్ సెంటర్ టిబోర్ ప్లైస్‌ను తీసుకున్నాడు. క్రునోస్లావ్ సిమోన్, బ్రయంట్ డన్‌స్టన్ అప్పటికే ఉన్నారు.

ఆ జట్టు ఆట ఎందుకు అంత కష్టమైన చిక్కుముడిగా మారిందో చెప్తాను. పిక్ అండ్ రోల్ ఎవరైనా ఆడతారు: పొడగరి సెంటర్ వచ్చి బంతి ఉన్నవాడి మీది కాపలాదారుకు అడ్డుగా నిలబడతాడు, ఆ అరక్షణంలో గార్డ్ ముందుకు దూసుకుపోతాడు. మామూలుగా ఒక జట్టులో ఆ పనిలో ఆరితేరినవాడు ఒక్కడే ఉంటాడు కాబట్టి అతని మీద ఇద్దరిని పెట్టి ఆపవచ్చు. ఎఫెస్‌లో ఇద్దరున్నారు. లార్కిన్ మీదికి ఇద్దరు వెళితే అవతలి వైపు మిత్సిచ్ చేతిలో బంతి పడుతుంది, ఎదురుగా నలుగురికి ముగ్గురే మిగులుతారు. లార్కిన్ ఎత్తు ఆరడుగులు కూడా లేదు, కానీ ఆ తొలి అడుగు కంటికి అందదు. మిత్సిచ్ నెమ్మదస్తుడు, ఆగుతాడు, ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో చూస్తాడు, అప్పుడు కదులుతాడు. అడ్డు నిలబడిన డన్‌స్టన్ బుట్ట వైపు దూకుతాడు. అదే ప్లైస్ అయితే వెనక్కి జరిగి దూరం నుంచి షాట్ వేస్తాడు. కోర్టు మీద ఎవరున్నారన్నదాన్ని బట్టి ఒకే ఎత్తుగడ రెండు రూపాలు ధరించేది.

చివరి స్థానంలో ఉన్న జట్టు మరుసటి ఏడాదే, 2019లో, ఫైనల్ చేరింది. స్పెయిన్‌లోని విటోరియాలో జరిగిన సెమీఫైనల్‌లో ఫెనర్‌బాచెను 92–73తో చిత్తు చేసింది. అందులో లార్కిన్ ఒక్కడే 30 పాయింట్లు, 7 రీబౌండ్లు, 7 అసిస్టులు. ఫైనల్‌లో సీఎస్‌కేఏ మాస్కో చేతిలో 83–91తో ఓడిపోయినా, కొద్ది వారాలకే టర్కీ లీగు ఫైనల్ ఏడో మ్యాచ్‌లో లార్కిన్ 38 పాయింట్లు సాధించి ఫెనర్‌బాచె మీద గెలిపించాడు. పదేళ్ల ఎడారి ఆ సాయంత్రం ముగిసింది. అదే ఏడాది నవంబరు 29న బాయర్న్ మ్యూనిక్ మీద అతను 49 పాయింట్లు చేసి యూరోలీగ్ రికార్డు నెలకొల్పాడు. అందులో మూడు పాయింట్ల షాట్లే పది. ఆ రికార్డును 2024 మార్చిలో నైజెల్ హేస్ డేవిస్ 50తో దాటాడు, అదీ ఫెనర్‌బాచె తరఫున. ఈ రెండు క్లబ్బుల మధ్య ఏదీ ఎక్కువ కాలం ఒకరి దగ్గరే ఉండదు.

2019–20లో 28 మ్యాచ్‌లలో 24 గెలిచి పట్టికలో అందరికంటే పైన ఉన్న సమయంలో కోవిడ్ వచ్చి సీజను రద్దయింది. నా దృష్టిలో ఎఫెస్ చరిత్రలో అన్నిటికంటే గొప్ప జట్టు అదే. దానికి కప్పు లేదు. ఆ బాధ ఆటగాళ్లను కలిపి ఉంచిందేమో, దాదాపు అదే బృందం మరుసటి ఏడాది తిరిగి వచ్చింది. ప్లేఆఫ్స్‌లో రియల్ మాడ్రిడ్‌ను 3–2తోను, సెమీఫైనల్‌లో సీఎస్‌కేఏను 89–86తోను దాటి, 2021 మే 30న కొలోన్‌లో బార్సిలోనాను 86–81తో ఓడించింది. మిత్సిచ్ 25, లార్కిన్ 21. కోవిడ్ నిబంధనల వల్ల ఆ పెద్ద హాలు దాదాపు ఖాళీగా ఉంది. బంతి నేలకు తగిలిన చప్పుడు, బూట్ల కిర్రుమనే శబ్దం, బెంచీ మీది నుంచి కేకలు స్పష్టంగా వినిపించాయి. జన్మతః జనం లేని క్లబ్బు తన అతి పెద్ద విజయాన్ని జనం లేని హాలులో అందుకోవడం చూసి నాకు గుండె పట్టేసినట్టయింది.

2022లో ఆ లోటు తీరింది. ఆ ఏడాది సాధారణ సీజనులో ఎఫెస్ ఆరో స్థానంలో నిలిచింది. మళ్లీ గెలుస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఫైనల్ ఫోర్ బెల్‌గ్రేడ్‌లో, అంటే మిత్సిచ్ స్వదేశంలో. ఒలింపియాకోస్‌తో సెమీఫైనల్ చివరి క్షణాల్లో స్కోరు 74–74. అదనపు సమయం తప్పదనుకుంటున్న వేళ మిత్సిచ్ మూడు పాయింట్ల గీత వెలుపలి నుంచి లేచాడు, బంతి వలలో పడేసరికి గడియారంలో సమయం లేదు. 77–74.

ఫైనల్ ఇంకో రకం. మే 21న రియల్ మాడ్రిడ్ మీద స్కోరు 58–57. యూరప్‌లోనే పదునైన దాడికి పేరుపడిన జట్టుకు అరవై పాయింట్లు కూడా రాలేదు. రియల్ బుట్ట కింద వాల్టర్ తవారెస్ కొండలా నిలబడితే లార్కిన్ దూకుడుకు దారి మూసుకుపోయింది. అలాంటప్పుడు పనికొచ్చినవాడు ప్లైస్: 19 పాయింట్లు. దూరం నుంచి షాట్ వేయగల సెంటర్ బయటికి జరిగితే తవారెస్ తన చోటు వదలక తప్పదు, వదిలితే బుట్ట తెరుచుకుంటుంది. మిత్సిచ్ 23 పాయింట్లతో వరుసగా రెండోసారి ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడయ్యాడు. నేను ఈ మ్యాచ్‌ను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ 1996 జట్టే గుర్తుకు వస్తుంది. లార్కిన్, మిత్సిచ్‌ల మెరుపులతో ఫైనల్ దాకా వచ్చిన జట్టు, ఆఖరి మెట్టు ఎక్కడానికి ఓర్స్ కాలపు ఓర్పునే ఆశ్రయించింది. అప్పుడూ తేడా ఒక్క పాయింటే.

తరువాత ఆ బృందం చెదిరింది. 2023లో పదహారో లీగు విజయం అందించి అతమాన్ పనథినైకోస్‌కు వెళ్లిపోయాడు, మిత్సిచ్ ఎన్‌బీఏకు వెళ్లాడు. లార్కిన్ టర్కీ పౌరసత్వం తీసుకుని జాతీయ జట్టుకూ ఆడాడు. 1996 ఫైనల్ మొదటి మ్యాచ్ జరిగిన అబ్ది ఇపెక్చి హాలును 2018లో కూల్చేశారు. 1979లో హత్యకు గురైన పత్రికా సంపాదకుడి పేరు పెట్టుకున్న ఆ హాలు స్థలంలోనే కొత్త బాస్కెట్‌బాల్ కేంద్రం లేచింది, ఎఫెస్ తిరిగి అక్కడికే చేరింది. 2025 వసంతంలో ప్లేఆఫ్స్ ఆడినప్పుడు ఎదురుగా ఉన్నది పనథినైకోస్, ఆ బెంచీ ముందు నిలబడి కేకలు వేస్తున్నది అతమాన్. అయిదో మ్యాచ్ దాకా సాగిన ఆ పోరులో ఎఫెస్ 2–3తో ఓడి ఇంటిదారి పట్టింది.